ఎంత శాతమని కాదు, దేనిలో శాతమని అడగాలి

మద్దిలపాలెం దాటాక హైవే పక్కన ఓ కొత్త టీ షాపు వాళ్ళు పెట్టిన ఫ్లెక్సీ చూసి బండి ఆపాను. గాజు గ్లాసులో పొగలు కక్కుతున్న టీ, గ్లాసు పట్టుకున్న వేళ్ళు, వెనకాల మసగ్గా సముద్రం. గ్లాసు అంచు మీద చిన్న పెచ్చు ఊడి ఉంది, దాన్ని బట్టే గుర్తుపట్టాను. లాసన్స్ బే దగ్గర ఓ టీ బండి ముందు నేను తీసిన ఫొటో అది. ఇంటికొచ్చి, ఫొటోలు అమ్మకానికి పెట్టే వెబ్‌సైట్‌లో నా ఖాతా తెరిచి చూస్తే ఆ నెలలో ఇండియా నుంచి ఆ ఫొటోకి ఒకే ఒక్క డౌన్‌లోడ్ ఉంది, దానికి పడింది 10 సెంట్లు, అంటే మన డబ్బుల్లో ఎనిమిదో తొమ్మిదో రూపాయలు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ అది. ప్రింటింగ్ షాపు వాడు ఒక్క చదరపు అడుగు అచ్చు కొట్టడానికి తీసుకున్నంత కూడా మొత్తం ఫొటోకి నాకు రాలేదు. ఆ షాపులోనే ఒక టీ తాగుదామన్నా చాలవు.

వైజాగ్‌లో నాలాగా పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఇలా ఫొటోలు అమ్మిపెట్టే స్టాక్ సైట్లకి ఫొటోలు పెట్టేవాళ్ళం ఓ పది మందిమి ఉంటాం. ఈ సంగతి చెప్పగానే మాలో చిన్నవాడు లేచాడు. "మోసం అన్నయ్యా ఇది, కేసు వేసేయాలి."

"ఎవడి మీద వేస్తావురా?"

వాడి దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నిజంగానే ఎవరి మీదా వేయలేం. టీ షాపు ఆయన ఓ డిజైనర్‌కి డబ్బులిచ్చి పని చేయించుకున్నాడు. డిజైనర్‌కి స్టాక్ సైట్‌లో సబ్‌స్క్రిప్షన్ ఉంది, అందులోంచి దించుకున్నాడు, లైసెన్స్ ప్రకారం ఫ్లెక్సీ వేసుకోవచ్చు. సైట్ వాళ్ళు నాతో రాసుకున్న ఒప్పందంలో ఏముందో అదే ఇచ్చారు. అందరూ సక్రమంగానే ఉన్నారు, నా చేతికి మాత్రం తొమ్మిది రూపాయలొచ్చాయి. ఇది ఎలా జరుగుతుందో మా ఈ తమ్ముడికి ఆ సాయంత్రం చెప్పడం మొదలుపెట్టి సగంలో వదిలేశాను, ఆ మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చేద్దాం, ఎందుకంటే సగం గందరగోళం దీనివల్లే. 'రాయల్టీ ఫ్రీ' అంటే ఉచితం అని కాదు. మా దగ్గరికొచ్చే క్లయింట్లలో చాలామంది "అది రాయల్టీ ఫ్రీ అంట కదా గురూ, గూగుల్‌లోంచి తీసుకుని పెట్టేయండి" అంటారు. రాయల్టీ ఫ్రీ అంటే కొన్నవాడు ఒక్కసారి డబ్బు కడితే చాలు, ఆ తర్వాత పదిసార్లు వాడినా ఇరవై ఏళ్ళు వాడినా మళ్ళీ మళ్ళీ కట్టక్కర్లేదు అని. దీనికి ముందున్న పద్ధతి వేరు. ఏ దేశంలో వాడతారు, ఎన్ని కాపీలు, ఎంత సైజు, ఎన్ని నెలలు అని అడిగి దాన్ని బట్టి ధర కట్టేవాళ్ళు, దాన్ని రైట్స్ మేనేజ్డ్ అంటారు. ఆ పద్ధతిలో నా టీ ఫొటో ఫ్లెక్సీకి ఒక ధర, బస్సు వెనకాల వేస్తే ఇంకో ధర, రెండో ఏడు కూడా ఉంచితే మళ్ళీ డబ్బు. ఫొటోలు అమ్మే గెట్టీ లాంటి పెద్ద సంస్థ కూడా ప్రకటనలకి వాడే తరహా ఫొటోల్లో ఈ పద్ధతిని ఎత్తేస్తున్నట్టు 2019 చివర్లో చెప్పేసింది. అంటే ఫొటో ఎంత పని చేసింది అన్నదానికీ దానికి ఎంత వచ్చింది అన్నదానికీ ఉన్న ముడి అప్పటికే తెగిపోయింది.

ఆ ముడి ఒక్కరోజులో తెగలేదు. 2000లో కెనడాలోని కాల్గరీలో బ్రూస్ లివింగ్‌స్టన్ అనే ఆయన ఐస్టాక్‌ఫొటో పెట్టాడు. మొదట్లో డిజైనర్లు తమలో తాము ఫొటోలు ఇచ్చిపుచ్చుకునే చోటు అది, తర్వాత డాలరుకీ రెండు డాలర్లకీ అమ్మడం మొదలైంది. వందల డాలర్ల ఫొటో డాలరుకి దొరుకుతుంటే పాత ఏజెన్సీలు ఊరుకుంటాయా? 2006లో గెట్టీ 5 కోట్ల డాలర్లిచ్చి ఐస్టాక్‌ని కొనేసింది. ఈలోగా 2003లో న్యూయార్క్‌లో జాన్ ఒరింజర్ షటర్‌స్టాక్ మొదలుపెట్టాడు, అదీ తాను సొంతంగా తీసుకున్న 30 వేల ఫొటోలతో. అసలు మలుపు అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయన ఒక్కో ఫొటోకి ధర పెట్టలేదు, నెలకింత కట్టండి, కావలసినన్ని దించుకోండి అన్నాడు. సరుకంతా తనదే అయినప్పుడు ఏ ఫొటో ఎంత తెచ్చిందన్న లెక్క ఎందుకు? ఆ లెక్క అవసరం లేని రోజున పుట్టిన ధర పద్ధతిలోకి తర్వాత లక్షలమంది వచ్చి తమ ఫొటోలు పెట్టారు. నేను కూడా.

ఇప్పుడు ఆ 10 సెంట్ల సంగతి. చాలామంది గొడవ శాతాల మీదే నడుస్తుంది. వాడు 15 ఇస్తున్నాడు, వీడు 33 ఇస్తున్నాడు, వీడే మేలు అని. అడోబీ స్టాక్ ఫొటోలకి 33 శాతం ఇస్తుంది, ఐస్టాక్ తమకే కట్టుబడకుండా వేరే సైట్లకీ ఇచ్చేవాళ్ళకి 15 శాతం ఇస్తుంది, ఇవి అందరికీ తెలిసిన అంకెలే. కానీ 12 డాలర్లకి అమ్మిన ఫొటోలో 15 శాతమంటే డాలరు 80 సెంట్లు, డాలరుకి అమ్మిన దాంట్లో 33 శాతమంటే 33 సెంట్లు. శాతం పెద్దది కాబట్టి డబ్బు పెద్దదని ఎక్కడా లేదు. అడగాల్సింది 'దేనిలో శాతం' అని, ఆ 'దేనిలో' మాత్రం మనకి కనపడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 200 డాలర్లకి 750 ఫొటోలు దించుకునే ప్లాన్ ఒకటుందనుకోండి. 200ని 750తో భాగిస్తే ఒక్కో ఫొటో దాదాపు 26.7 సెంట్లు. అందులో 15 శాతమంటే 4 సెంట్లు. ఇక షటర్‌స్టాక్ 2020 జూన్ 1 నుంచి తెచ్చిన పద్ధతి చూడండి: ఆరు మెట్లు, మొదటి మెట్టు 15 శాతం, చివరి మెట్టు 40 శాతం, ఏడాదిలో మొదటి 100 డౌన్‌లోడ్లు మొదటి మెట్టు, 25 వేలు దాటినవాడు ఆరో మెట్టు, ఎంత తక్కువ తేలినా కనీసం 10 సెంట్లు ఇస్తామన్నారు. మన ఊహా ప్లాన్‌కి ఈ శాతాలు తగిలిస్తే 35 శాతం దగ్గర కూడా 9.3 సెంట్లే వస్తుంది. అంటే అయిదో మెట్టు దాకా ఎక్కినవాడికీ నిన్న చేరినవాడికీ ఒకటే 10 సెంట్లు. ఆరో మెట్టు మీదున్న మహానుభావుడికి 10.7 సెంట్లు. మెట్లన్నీ కష్టపడి ఎక్కితే పైన అదనంగా ఉన్నది ఒక్క సెంటు కూడా కాదన్నమాట, మా తమ్ముడికి ఇది చెప్పినప్పుడు వాడు నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి మళ్ళీ వేసుకున్నాడు. చిన్న ప్లాన్లలో, విడిగా ఒక్క ఫొటో కొన్నప్పుడు మెట్లకి అర్థముంటుంది, డాలర్లలో కూడా పడుతుంది. పెద్ద ప్లాన్ల దగ్గర మాత్రం కాగితం మీద 15 నుంచి 40 అని రాసి ఉన్నా చేతికొచ్చేది దాదాపు ఆ కనీస రేటే.

దానికి ముందు ఏముండేదంటే, శాతం లేదు, విడి రేటు ఉండేది. సబ్‌స్క్రిప్షన్ డౌన్‌లోడ్‌కి కొత్తవాళ్ళకి 25 సెంట్లు, ఖాతా తెరిచినప్పటి నుంచి 10 వేల డాలర్లు సంపాదించినవాళ్ళకి 38 సెంట్లు. పాతవాళ్ళకి గౌరవం ఉండేది, ఒకసారి ఎక్కిన మెట్టు మళ్ళీ దిగేది కాదు. కొత్త పద్ధతిలో జనవరి 1 వచ్చిందంటే అందరూ మళ్ళీ మొదటి మెట్టు. బీచ్ రోడ్డులో డిసెంబర్ 31 రాత్రి జనం కేకలేస్తుంటే, స్టాక్ ఫొటోగ్రాఫర్లు అనేవాళ్ళు ఎవరైనా ఆ గుంపులో ఉంటే వాళ్ళ మొహం చూడగానే తెలిసిపోతుంది. 2020లో కరోనాకి పెళ్ళిళ్ళు ఆగిపోయి అందరికీ ఈ సంపాదనే దిక్కైన నెలల్లో ఇది వచ్చింది, అందుకే అంత కడుపుమంట. చాలా దేశాల్లో ఫొటోగ్రాఫర్లు తమ ఫొటోలని అమ్మకం నుంచి తీసేసి నిరసన తెలిపారు. పద్ధతి మాత్రం మారలేదు.

కంపెనీ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి, లేకపోతే ఇది తిట్ల దండకమే అవుతుంది. పాత రేటు ప్రకారం ఒక కస్టమర్ 750కి 750 దించేసుకుంటే, అన్నీ కొత్తవాళ్ళ ఫొటోలే అనుకున్నా 187 డాలర్ల 50 సెంట్లు ఫొటోగ్రాఫర్లకి పోతాయి. అన్నీ పాతవాళ్ళవైతే 285 డాలర్లు, అంటే కట్టిన దానికంటే ఎక్కువ. మరి కంపెనీ ఎలా బతికింది? కస్టమర్లు పూర్తిగా వాడుకోరు కాబట్టి. జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి సంక్రాంతి తర్వాత వెళ్ళడం మానేసేవాళ్ళ మీద జిమ్ నడిచినట్టే. కస్టమర్ ఎక్కువ వాడితే నష్టం కంపెనీది, తక్కువ వాడితే లాభం కంపెనీది. శాతం పద్ధతి ఆ నష్టం భయాన్ని కంపెనీ నెత్తి మీంచి దించేసింది.

మరి లాభం? ఇక్కడే ఓ చిన్న మెలిక ఉంది, నాకు ఇది అర్థమవడానికి ఏళ్ళు పట్టింది. అదే ప్లాన్, ఒక కస్టమర్ నెలలో 100 ఫొటోలే దించుకున్నాడు. ఒక్కో ఫొటో ధరని రెండు రకాలుగా లెక్క కట్టొచ్చు. అనుమతించిన 750తో భాగిస్తే 26.7 సెంట్లు, కనీస రేటు 10 సెంట్ల చొప్పున వందమంది ఫొటోగ్రాఫర్లకి కలిపి వెళ్ళేది 10 డాలర్లు, కంపెనీకి మిగిలేది 190. నిజంగా దించుకున్న 100తో భాగిస్తే ఒక్కో ఫొటో 2 డాలర్లు, 15 శాతం చొప్పున ఒక్కొక్కరికి 30 సెంట్లు, మొత్తం 30 డాలర్లు. శాతం రెండు చోట్లా అదే, కస్టమర్ కట్టింది అదే, దించిన ఫొటోలు అవే. ఏ అంకెతో భాగించారు అన్న ఒక్క మాట మీద మన వాటా మూడు రెట్లు మారింది. ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం ఎక్కడుందో వెతుక్కోకుండా శాతాలు పోల్చుకుంటూ కూర్చోవడం దండగ.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం పాట చూసినవాళ్ళకి నేను చెప్పేది తేలిగ్గా తెలుస్తుంది. బోటు దిగిన కోనాం, చందువ, రొయ్య బుట్టల్లో పోసి నేల మీద పెడతారు, పాట మొదలవుతుంది, ఎవరు ఎంతకి పాడారో చుట్టూ ఉన్న అందరికీ వినపడుతుంది. దళారీ కమీషన్ తీసుకోవచ్చు, అప్పు పెట్టి బోటు వాళ్ళ చేతులు కట్టేయొచ్చు, అన్యాయాలు అక్కడా ఉన్నాయి. కానీ బుట్ట ఎంతకి పోయిందో బోటులో పనిచేసే కళాసీకి కూడా తెలుసు. వాటా పంచేటప్పుడు అడగడానికి ఒక అంకె ఉంది. నా టీ గ్లాసు ఏ బుట్టలో పోయింది, ఆ బుట్టలో ఇంకెన్ని ఉన్నాయి, మొత్తం ఎంతకి పాడారు, ఇవేవీ నాకు చెప్పరు. ఖాతాలో ఓ అంకె కనిపిస్తుంది, అంతే. ఓ సైట్ నుంచి నాకు ఒకసారి 2 సెంట్లు వచ్చాయి, దేనికి వచ్చాయని ఉత్తరం రాస్తే 'ఒప్పందం ప్రకారం' అని జవాబు.

టోకు బేరాల దగ్గరికొస్తే ఈ చీకటి ఇంకా చిక్కబడుతుంది. స్టాక్ ఫొటోగ్రాఫర్ల లోకంలో 2013 అనగానే గుర్తొచ్చేది గూగుల్ ఒప్పందం. గెట్టీ, ఐస్టాక్‌లలో ఉన్న వేల ఫొటోలని గూగుల్ డ్రైవ్‌లో పెట్టడానికి గెట్టీ లైసెన్స్ ఇచ్చింది. డ్రైవ్ వాడేవాళ్ళెవరైనా తమ డాక్యుమెంట్లలో, ప్రెజెంటేషన్లలో ఆ ఫొటోలని ఉచితంగా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. ఫొటో తీసినవాళ్ళకి ఎంత? చాలామందికి ఒక్కో ఫొటోకి 12 డాలర్లు, కొందరికి ఇంకా తక్కువ, ఒక్కసారికే, ఆ పైన ఏమీ లేదు. ఇంతకుముందే అడిగారా? లేదు. ఎవరో ఒకరు తమ ఖాతాలో ఈ వింత చెల్లింపు చూసి ఆరా తీస్తే బయటపడింది. 2013 ఫిబ్రవరి 2న ఐస్టాక్ నుంచి ఫొటోలు తీసేద్దామని ఒకరికొకరు చెప్పుకుని వేల కొద్దీ ఫొటోలు తీసేశారు. అక్కడ బాగా పేరున్న ఒక ఫొటోగ్రాఫర్ ఖాతాని ఆ నెలలోనే కంపెనీ మూసేసింది.

12 డాలర్లు 10 సెంట్ల కన్నా చాలా ఎక్కువ కదా, మరి గొడవెందుకు అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. 10 సెంట్లకి ఒక్కడు ఒక్కసారి దించుకుంటాడు. 12 డాలర్లకి కోట్ల మంది దించుకోగల చోట పెట్టారు, ఆ తర్వాత ఆ ఫొటో ఇంకెవరు కొంటారు? అది మీ ఫొటో మార్కెట్‌ని కొనేసిన ధర, ఒక డౌన్‌లోడ్‌కి ఇచ్చిన ధర అసలే కాదు. అది చేయడానికి గెట్టీకి హక్కెలా వచ్చింది అంటే, ఒప్పందంలో 'సబ్‌లైసెన్స్' అనే మాట ఉంటుంది. ఫొటో మీద కాపీరైట్ మీదే, దాన్ని ఎవరూ తీసుకోరు, కానీ మీరు కంపెనీకి ఇచ్చిన అనుమతిని కంపెనీ ఇంకొకరికి, తన షరతుల మీద, తన ధరకి ఇవ్వొచ్చు. ఇల్లు మీ పేరునే ఉంటుంది, అద్దెకి తీసుకున్నవాడు మాత్రం గదులన్నీ విడివిడిగా పై అద్దెకి ఇచ్చుకుంటాడు, మీ అద్దె మాత్రం అదే. మనలో చాలామందిమి 'నా కాపీరైట్ నాదే' అనే మాట దగ్గర ఆగిపోయి సంతోషపడతాం.

పదేళ్ళ తర్వాత ఆ 'సబ్‌లైసెన్స్' మాటే ఏఐ రూపంలో మళ్ళీ వచ్చింది. ఫొటోలు గీసే ఏఐకి నేర్పడానికి లక్షల ఫొటోలు, వాటికి సరిగ్గా రాసిన వివరణలు కావాలి, రెండూ స్టాక్ సైట్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. షటర్‌స్టాక్ ఓపెన్‌ఏఐకి డేటా ఇచ్చింది, 2023 జులైలో ఆ ఒప్పందాన్ని ఇంకో ఆరేళ్ళు పొడిగించినట్టు ప్రకటించింది. ఫొటోగ్రాఫర్ల కోసం ఒక నిధి పెట్టి, డేటాలో ఎవరి ఫొటోలు ఎన్ని ఉన్నాయో దాన్ని బట్టి పంచుతామంది. అడోబీ బొమ్మలు గీసే తన ఏఐ ఫైర్‌ఫ్లైని 2023 మార్చిలో తెచ్చి, సెప్టెంబర్‌లో స్టాక్ ఫొటోగ్రాఫర్లకి బోనస్ పేరుతో కొంత ఇచ్చింది. అసలేమీ అడగకుండా తీసుకున్నవాళ్ళతో పోలిస్తే ఇది నయమే, ఆ మాట ఒప్పుకోవాలి. గెట్టీ 2023లో బొమ్మలు గీసే ఏఐ తయారుచేసిన స్టెబిలిటీ ఏఐ అనే కంపెనీ మీద లండన్‌లోనూ అమెరికాలోనూ కేసులు వేసింది, తమ ఫొటోలని అనుమతి లేకుండా వాడారని. ఆ ఏఐ గీసిన కొన్ని బొమ్మల మీద గెట్టీ వాటర్‌మార్క్ కూడా వంకరటింకరగా వచ్చేసింది, దొంగ వేలిముద్ర వదిలినట్టు. అయినా లండన్ కేసులో 2025 నవంబర్‌లో వచ్చిన తీర్పు ఎక్కువ భాగం స్టెబిలిటీ వైపే ఉంది, ట్రేడ్‌మార్క్ విషయంలో మాత్రం గెట్టీకి కొద్దిగా దక్కింది.

చిత్రమేమిటంటే ఇక్కడ మీ ఫొటో ఎంత బావుంది, ఎవరు కొన్నారు అనే ప్రశ్నే లేదు. వెయ్యి చెత్త ఫొటోలు పెట్టినవాడికి వంద మంచి ఫొటోలు పెట్టినవాడికన్నా ఎక్కువ పడే అవకాశముంది. వేలం బుట్ట కూడా పోయింది, ఇప్పుడు టన్నుల్లో తూకం. మరి టోకున కొన్న ఆ సరుకుతో తయారైన యంత్రం టీ గ్లాసు బొమ్మ క్షణాల్లో గీసిచ్చేస్తుంటే, వచ్చే ఏడాది ఆ డిజైనర్ నా ఫొటో వెతుకుతాడా? వెతకడేమో. అప్పుడా 10 సెంట్లే గొప్పగా తోస్తాయి.

ఇదంతా కంపెనీల దుర్మార్గమే అని తేల్చేయడానికి మనసొప్పడం లేదు, ఎందుకంటే మా వైపు తప్పు కూడా ఉంది. షటర్‌స్టాక్ ఒక్కదానిలోనే 40 కోట్లకి పైగా ఫొటోలున్నాయి. ఆర్కే బీచ్ సూర్యోదయం అని కొట్టండి, కైలాసగిరి మీంచి తీరం వంపు అని కొట్టండి, అరకు మబ్బులు, వంజంగి మబ్బులు, లంబసింగి మంచు... పేజీలకి పేజీలు. అందులో మావే ఎన్నో. సముద్రంలోనైనా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్ల వేట నిషేధం ఉంటుంది, చేప పెరగాలి కదా అని. ఫొటోల సముద్రంలో వేట నిషేధం లేదు, పైగా ఫోన్ ఉన్న ప్రతివాడికీ వల ఉంది. పోనీ వేరే ఫొటోలు తీద్దామంటే వైజాగ్‌లో సగం దృశ్యాలకి ఏదో ఒక అడ్డు. డాల్ఫిన్ నోస్ నేవీ చేతిలో ఉన్న కొండ, నేవీ ఉన్న చోట డ్రోన్ ఎగరేస్తే ఫొటో సంగతి తర్వాత, ముందు మనల్ని వెతుక్కుంటూ వస్తారు. హార్బర్‌లో చేపలమ్మే అవ్వ మొహంలో ఉన్న వెలుగు ఎంత బావున్నా, ఆమె మోడల్ రిలీజ్ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేస్తే తప్ప ఆ ఫొటో ప్రకటనలకి పనికిరాదు, ఎడిటోరియల్ కింద వార్తలకీ వ్యాసాలకీ మాత్రమే పోతుంది, వాటి అమ్మకాలు తక్కువ. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం ఆమెకి చదివి వినిపించి, ఈ ఫొటో ఏ దేశంలో ఏ మందు ప్రకటనలో వస్తుందో నాకే తెలియదని చెప్పి సంతకం అడగడం నావల్ల కాలేదు. నా అనుభవంలో నాలుగు డబ్బులు తెచ్చినవి ఎవరూ అందమనుకోని ఫొటోలే: పూర్ణా మార్కెట్‌లో కూరగాయల మధ్య పెట్టిన క్యూఆర్ కోడ్, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి ఆవిరి, రైతు బజార్ త్రాసు.

చట్టం మనకేమైనా సాయం చేస్తుందా అని అడుగుతారు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఫొటో తీసినవాడే మొదటి హక్కుదారు, ఆ హక్కు బతికున్నంతకాలం, పోయాక 60 ఏళ్ళు. ఫొటోలకి ఈ గడువు 2012 సవరణతో వచ్చింది, అంతకుముందు అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్ళే. అయితే సెక్షన్ 17లో ఓ మెలిక ఉంది, పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు దీన్ని తప్పకుండా చదవాలి: ఎవరైనా డబ్బులిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే, హక్కు తీయించుకున్నవాళ్ళదే. కాబట్టి పెళ్ళికూతురి చేతి గోరింటాకు ఎంత బాగా వచ్చినా రాతపూర్వకంగా అడగకుండా స్టాక్‌లో పెట్టకూడదు. మాలో ఇద్దరు ముగ్గురు పెట్టేశారు, పేర్లు చెప్పను. ఇక స్టాక్ సైట్ మీద కోపమొస్తే, ఆ ఒప్పందాల్లో సాధారణంగా వాళ్ళ దేశపు చట్టమే రాసి ఉంటుంది. 10 సెంట్ల తగువుకి గాజువాక నుంచి న్యూయార్క్ వెళ్ళేవాడెవడు?

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది మాత్రం మన చేతిలో ఉన్న పని. అమెరికా కంపెనీలు అక్కడి కస్టమర్ల అమ్మకాల మీద వచ్చిన రాయల్టీలో 30 శాతం పట్టుకుంటాయి. డబ్ల్యు-8బెన్ అనే ఫారం నింపి పాన్ నంబర్ ఇస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది 15 శాతానికి తగ్గుతుంది. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడేళ్ళ దాకా పనిచేస్తుంది, తర్వాత మళ్ళీ నింపాలి. మావాడొకడు మర్చిపోయి దాదాపు ఏడాది పాటు పట్టుకున్న పన్నులో సగం అనవసరంగా వదులుకున్నాడు. కోతకి ముందే సెంట్లు, కోత తర్వాత ఇంకేముంది.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి, ఇరుకైనవి. ఐస్టాక్ పెట్టిన ఆ లివింగ్‌స్టనే 2013లో మరికొందరితో కలిసి స్టాక్సీ అని ఓ సహకార సంఘం పెట్టాడు, కెనడాలోని విక్టోరియాలో. ఫొటోగ్రాఫర్లే సభ్యులు, మామూలు లైసెన్స్‌లో సగం, ఇంకా ఎక్కువ వాడకానికి ఇచ్చే ఎక్స్‌టెండెడ్ లైసెన్స్‌లో 75 శాతం వాళ్ళకే. డాలరు ఫొటోని పుట్టించినాయనే దానికి విరుగుడు కూడా వెతికాడు చూడండి. కాకపోతే అందులో సభ్యత్వం దొరకడమే గగనం, ధర పడకుండా ఉండాలంటే సరుకు హద్దులో పెట్టాలి కాబట్టి తలుపు మూసే ఉంచుతారు. అంటే వేట నిషేధం పెట్టుకున్న హార్బర్ అది. మరోవైపు పెద్దవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళవుతున్నారు. గెట్టీ, షటర్‌స్టాక్ కలిసిపోతున్నట్టు 2025 జనవరిలో ప్రకటించాయి, దాదాపు 370 కోట్ల డాలర్ల విలువైన సంస్థ అవుతుందని. ఒక సైట్ మీద అలిగి రెండోదానికి వెళ్ళడం అనే చిన్న బేరం కూడా మనకి పలచబడుతుంది.

నేనేం చేశానంటే, పెద్ద విప్లవమేమీ చేయలేదు. పాత ఫొటోలు అక్కడే వదిలేశాను, వచ్చే సెంట్లు రానీ అని. కొత్తగా తీసిన వాటిలో ఈ ఊరికే పనికొచ్చేవి, అంటే హోటళ్ళు, హోమ్‌స్టేలు, క్లినిక్‌లు అడిగేవి, సైట్లలో పెట్టడం మానేసి నేరుగా ఇస్తున్నాను. ఒక కాగితం మీద ఎక్కడ వాడతారు, ఎన్ని నెలలు, ఎంత అని మూడు ముక్కలు రాసి సంతకం తీసుకుంటున్నాను. గడువు రాయడం మాత్రం మర్చిపోకూడదు, ఎందుకంటే మన చట్టం ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్ళని అనుకుంటారు. ధర పెద్దగా ఉండదు, ఒక్కోసారి బేరమాడి బేరమాడి వెయ్యి రూపాయల దగ్గర తేలుతుంది, కానీ ఆ వెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలుసు.

ఆ టీ షాపు మొన్న వేసవిలో మూతపడింది. వానలు మొదలయ్యాక ఓ రోజు హార్బర్‌కి వెళ్తే, ఐసు పెట్టెల మీద కప్పిన ఫ్లెక్సీల్లో ఒకటి నాదే, తలకిందులుగా, పెచ్చు ఊడిన గ్లాసు అంచు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. అది కప్పినావిడని అడిగితే పాత ఫ్లెక్సీ యాభై రూపాయలకి కొన్నానంది. ఫొటో తీశాను, బాగా వచ్చింది కూడా. స్టాక్‌కి మాత్రం పనికిరాదు, మూలన షాపు లోగో ఉంది.